బ్రష్షులు లేని మోటారు

1984లో నేను మన హైస్కూల్లో తొమ్మిదో తరగతి చదువుతున్నాను. సైన్సు ల్యాబు అంటే వరండా చివరి గది, రెండు చెక్క బీరువాలు, ఒక పొడవాటి బల్ల. ఆ రోజుల వాళ్లకు ఇంతకంటే చెప్పనక్కర్లేదు. ఒక మధ్యాహ్నం మా సైన్సు మాస్టారు ఆ బల్ల మీద చిన్న డీసీ మోటారు నమూనా పెట్టి, బ్యాటరీ కలిపి తిప్పి చూపించారు. ఇరుసు మీద ముక్కలు ముక్కలుగా ఉన్న రాగి కడియం, దానికి రెండు పక్కలా ఆనుకున్న బ్రష్షులు, వాటి మధ్య చిటపటలాడే నిప్పురవ్వలు. ఆ కడియాన్ని కమ్యుటేటర్ అంటారనీ, అది ప్రతి సగం చుట్టుకీ కరెంటు దిశ మారుస్తుంది కాబట్టే మోటారు ఒకే వైపు తిరుగుతుందనీ చెప్పారు.

నేను లేచి ఒక ప్రశ్న వేశాను. మా బావి మీద 5 హెచ్.పి. మోటారు ఉండేది. అది కాలిపోయినప్పుడల్లా నాన్నతో కలిసి వైండింగు షాపుకి వెళ్లేవాణ్ణి. విప్పిన మోటారులో ఈ బ్రష్షులు గానీ, ఈ రాగి కడియం గానీ నాకు ఎప్పుడూ కనపడలేదు. మరి అదెలా తిరుగుతోందని అడిగాను. మాస్టారు ఒక్క క్షణం ఆలోచించి, తనకు సరిగ్గా తెలియదని అందరి ముందూ చెప్పేశారు. శనివారం బడి అయ్యాక మా నలుగురిని వెంటబెట్టుకుని ఆ వైండింగు షాపుకే వచ్చారు. స్టూలు మీద కూర్చుని, షాపాయన చెబుతుంటే మాతోపాటు తనూ విన్నారు. ఆ తర్వాతి వారం ఎక్కడో చదువుకుని వచ్చి, ఈ మోటారు వెనక ఉన్న మనిషి పేరు బోర్డు మీద రాశారు. నికోలా టెస్లా.

ముప్పై ఏళ్లుగా ఫ్యాక్టరీలకు మోటార్లు, డ్రైవులు ఎంపిక చేసిపెట్టడం నా వృత్తి. స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది బోర్డు మీది ఆ పేరే. టెస్లా అనగానే ఈ కాలం పిల్లలు కారు అనుకుంటారు, కొందరు మెరుపుల మాంత్రికుడనుకుంటారు. నాకు తెలిసిన టెస్లా ఒక మోటారు ఇంజనీరు. ఆయన జీవితంలో పెద్దగా ఎవరూ చెప్పుకోని ఒక ఏడాది ఉంది. నా వృత్తిలోని ముఖ్యమైన పాఠం నాకు ఆ ఏడాదిలోనే దొరికింది.

టెస్లా 1856 జులై 10న స్మిల్యాన్ అనే పల్లెలో పుట్టాడు. ఇప్పుడది క్రొయేషియాలో ఉంది. అప్పుడు ఆస్ట్రియా సామ్రాజ్యంలో ఉండేది. వాళ్లది సెర్బు కుటుంబం. తండ్రి చర్చిలో పూజారి. తల్లికి చదువు లేదు గానీ ఇంటికి కావలసిన పనిముట్లు తన చేతులతో తయారు చేసుకునేది. కొడుకు కూడా పూజారి కావాలన్నది తండ్రి కోరిక. హైస్కూలు ముగించి ఇంటికొచ్చిన టెస్లాకు కలరా సోకి చావు అంచుల దాకా వెళ్లాడు. బతికితే ఇంజనీరింగు చదవనిస్తానని తండ్రి మంచం పక్కన మాట ఇచ్చాడు. కొడుకు బతికాడు, తండ్రి మాట నిలబెట్టుకున్నాడు.

1875లో గ్రాజ్ నగరంలోని పాలిటెక్నిక్‌లో చేరాడు. అక్కడ ప్రొఫెసర్ పోష్ల్ ఒకరోజు క్లాసులో గ్రామ్ యంత్రాన్ని మోటారుగా తిప్పి చూపించారు. మా ల్యాబులో లాగే అక్కడా బ్రష్షుల దగ్గర నిప్పురవ్వలు రేగాయి. ఈ కమ్యుటేటర్ లేకుండానే మోటారు నడపవచ్చేమోనని టెస్లా అన్నాడు. ప్రొఫెసర్ ఆ రోజు పాఠమంతా ఆ మాటకే కేటాయించి, అది ఎందుకు సాధ్యం కాదో క్లాసు ముందు వివరించారట. ఈ సంగతి టెస్లాయే తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఇందులో ఆ ప్రొఫెసర్ని తప్పు పట్టలేం. ఆ రోజు కుర్రవాడి దగ్గర ఉన్నది ఒక అనుమానమే, జవాబు కాదు. జవాబు దొరకడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది. అయితే ఈ కథ చదివిన ప్రతిసారీ, తెలియదని చెప్పి వైండింగు షాపులో స్టూలు మీద కూర్చున్న మా మాస్టారే నాకు గుర్తొస్తారు.

గ్రాజ్‌లో మొదటి ఏడాది టెస్లా అందరికంటే ముందున్నాడు. తర్వాత జూదంలో పడ్డాడు, డిగ్రీ లేకుండానే కాలేజీ వదిలేశాడు. 1879లో తండ్రి పోయాడు. కొన్నాళ్లకు బుడాపెస్ట్ చేరి టెలిఫోన్ కంపెనీలో ఉద్యోగం చూసుకున్నాడు. 1882లో ఒక సాయంత్రం స్నేహితుడితో పార్కులో నడుస్తుండగా, గ్రాజ్ నుంచీ వెంటాడుతున్న చిక్కు విడిపోయింది. అక్కడే పుల్లతో ఇసుకలో బొమ్మ గీసి స్నేహితుడికి చూపించాడు.

ఆ బొమ్మలో ఉన్న సంగతిని ఇంజనీర్లు కాని మిత్రుల కోసం ఇలా చెబుతాను. తిరునాళ్లలో ప్రభకు కట్టే సీరియల్ బల్బులు చూశారు కదా. బల్బులేవీ కదలవు. ఒకదాని తర్వాత ఒకటి వెలిగి ఆరుతుంటే వెలుగే గుండ్రంగా పరిగెడుతున్నట్టుంటుంది. మోటారు చుట్టూ ఉన్న తీగచుట్టల్లోకి ఏసీ కరెంటును ఒకదాని తర్వాత ఒకటిగా ఉధృతికి వచ్చేలా పంపితే, తీగచుట్టలు కదలకుండానే అయస్కాంతక్షేత్రం గుండ్రంగా తిరుగుతుంది. మధ్యలో ఉన్న రోటరు దాని వెంటపడుతుంది. రోటరుకి బయటినుంచి కరెంటు ఇవ్వక్కర్లేదు కాబట్టి బ్రష్షులూ అక్కర్లేదు. రోటరు ఎప్పుడూ క్షేత్రం కంటే కాస్త వెనకబడే ఉంటుంది. కలిసిపోయిందా, దాన్ని లాగే బలమే పోతుంది. మన 50 సైకిళ్ల కరెంటు మీద నాలుగు పోల్సు మోటారులో క్షేత్రం నిమిషానికి 1500 చుట్లు తిరిగితే, మోటారు పేరుపలక మీద 1440 అనో 1460 అనో ఉండేది అందుకే.

ఇందులోనే ఇంకో సంగతి ఉంది. ఆ మోటారు వేగం సప్లయి కరెంటు సైకిళ్లకు కట్టుబడి ఉంటుంది. మనం నెమ్మదిగా తిరగమంటే వినదు. దాని బలం అదే, లోపమూ అదే.

టెస్లా ప్యారిస్‌లో ఎడిసన్ వారి కంపెనీలో చేరాడు. 1883లో స్ట్రాస్‌బర్గ్‌కు పని మీద వెళ్లినప్పుడు తన మొదటి మోటారు స్వయంగా చేసి తిప్పాడు. 1884లో న్యూయార్క్ చేరి ఎడిసన్ వర్క్స్‌లో కొన్ని నెలలు పనిచేసి మానేశాడు. కొందరు భాగస్వాములతో మొదలుపెట్టిన కంపెనీలోంచి వాళ్లే ఆయన్ను బయటికి పంపారు. 1886-87 చలికాలంలో పొట్టకూటికి గోతులు తవ్వే కూలిపని కూడా చేశాడు. 1887లో మళ్లీ ఇద్దరు పెట్టుబడిదారులు దొరికారు. 1888 మే 1న మోటారు పేటెంట్లు వచ్చాయి, మే 16న అమెరికన్ ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంఘంలో ప్రసంగించాడు. ఆ రెండు నెలల ముందే ఇటలీలో గెలీలియో ఫెరారిస్ అనే ప్రొఫెసర్ ఇదే సూత్రాన్ని సొంతంగా కనిపెట్టి ప్రచురించాడు. అయితే అలాంటి మోటారు సామర్థ్యం సగానికి మించదని లెక్క వేసుకుని ఆయన దాన్ని యంత్రంగా పెంచలేదు. ఆ ఏడాదే జార్జ్ వెస్టింగ్‌హౌస్ టెస్లా పేటెంట్లను హార్సుపవర్‌కు రెండున్నర డాలర్ల రాయల్టీ ఒప్పందంతో తీసుకున్నాడు.

నేను మొదట చెప్పిన ఏడాది ఇక్కడ మొదలవుతుంది. టెస్లా పిట్స్‌బర్గ్ వెళ్లి వెస్టింగ్‌హౌస్ ఇంజనీర్లతో కూర్చున్నాడు. వాళ్లకు కావలసింది ఆ మోటారుతో వీధుల్లో ట్రాములు నడపడం. కంపెనీ ఏసీ కరెంటు 133 సైకిళ్లది, టెస్లా మోటారుకి 60 సరిపోతుంది. దాని మీద వాదులాటలు జరిగి చివరికి 60కే వచ్చారు. అయినా ట్రాము కదలలేదు, అంటే వాళ్లు కోరినట్టు కదలలేదు. ట్రాము అడుగడుగునా ఆగాలి, నిండు జనంతో మళ్లీ బయలుదేరాలి, ఎత్తు ఎక్కాలి, సందుల్లో నెమ్మదిగా పోవాలి. బయలుదేరేటప్పుడు గట్టి బలం, తర్వాత రకరకాల వేగాలు దానికి కావాలి. టెస్లా మోటారుకి తెలిసింది ఒకే వేగం. చివరికి ట్రాములకు డీసీ మోటార్లే పెట్టుకున్నారు.

అదే 1888లో రిచ్‌మండ్ నగరంలో ఫ్రాంక్ స్ప్రేగ్ అనే ఇంజనీరు డీసీ మోటార్లతో ట్రాములు నడిపి చూపించాడు. బ్రష్షులు, నిప్పురవ్వలు, అరుగుదల అన్నీ ఉన్న పాత మోటారే. కానీ డీసీ సిరీస్ మోటారు నిలబడ్డ బండిని లాగేటప్పుడు అన్నిటికంటే ఎక్కువ బలం ఇస్తుంది, బండి వేగం అందుకున్నాక బలం తగ్గించుకుంటుంది. ట్రాము అడిగేది సరిగ్గా అదే. పిట్స్‌బర్గ్‌లో ఎవరూ చెడ్డ మోటారు చేయలేదు. ప్రపంచంలోకెల్లా మంచి మోటారును, అది చేయలేని పనికి పెట్టారు.

ఈ సంగతి నేను చదివింది ఆలస్యంగా. చదివేనాటికే అలాంటి పొరపాటు నేనూ ఒకటి చేసి ఉన్నాను. ఇన్నేళ్లూ దాన్ని మన ఊళ్లో ఎవరికీ చెప్పలేదు, మాస్టారికి తప్ప.

1990ల చివర్లో, నాకు ముప్పై ఏళ్లు రాకముందు, ఒక చక్కెర ఫ్యాక్టరీలో కేన్ క్యారియర్ మోటారు మార్చే పని నా చేతికొచ్చింది. చెరుకును గానుగ దాకా మోసుకుపోయే వెడల్పాటి గొలుసు పట్టీ అది. దానికి పాత డీసీ మోటారు ఉండేది. పిప్పి దుమ్ముకీ తేమకీ దాని కమ్యుటేటర్ ఎప్పుడూ పేచీయే. దాన్ని తీసేసి అంతే కిలోవాట్ల ఇండక్షన్ మోటారు పెట్టి, సైకిళ్లను మార్చి వేగం తగ్గించే ఏసీ డ్రైవు జతచేశాను. ఇక బ్రష్షుల గొడవ లేదని ఫ్యాక్టరీ వాళ్లకు గొప్పగా చెప్పాను. పాత మోటారు నెత్తిన విడిగా ఒక చిన్న బ్లోయరు ఉండేది. అది కూడా పాత సామాను లెక్కలో పక్కన పడేయించాను.

జనవరిలో చెరుకు పోటెత్తింది. గానుగ ఆగి ఆగి నడిచినప్పుడల్లా క్యారియర్ నిండు బరువుతో గంటల తరబడి మూడోవంతు వేగంలో పాకేది. వేగం తగ్గినా క్యారియర్ అడిగే బలం తగ్గదు, కాబట్టి మోటారు లాగే కరెంటూ తగ్గలేదు. దాన్ని చల్లబరచాల్సిన ఫ్యాను మాత్రం దాని ఇరుసు మీదే ఉంది, ఇరుసుతోపాటే నెమ్మదించింది. ఒక రాత్రి వైండింగు కాలిపోయింది. నేను తీసేసిన ఆ చిన్న బ్లోయరు ఎందుకుందో అప్పుడు అర్థమైంది.

ఇంకో మోటారు తెచ్చి, బ్లోయరు బిగించి మళ్లీ నడిపేసరికి రోజున్నర పట్టింది. గేటు బయట బళ్లు, ట్రాక్టర్లు బారులు తీరాయి. కోసిన చెరుకు ఎండుతున్న కొద్దీ తూకం తగ్గుతుంది, రైతుకి డబ్బు తూకం మీదే. ఆ బారులో మన ఊరి బళ్లు కూడా ఉన్నాయి. ఒక పెద్దాయన నన్ను గుర్తుపట్టి, మాస్టారి శిష్యుడివి కదూ బాబూ అని పలకరించి, ఎప్పటికి బాగవుతుందని అడిగారు. తెల్లారేసరికి అవుతుందన్నాను. కాలింది నా తప్పువల్లనని చెప్పలేకపోయాను. ఈ సంచిక చదివేవాళ్లలో ఆయన పిల్లలు ఉండవచ్చు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు మాస్టారి దగ్గర కూర్చుని జరిగిందంతా చెప్పాను. ఆయనకు డ్రైవుల గురించి ఏమీ తెలియదు. అంతా విని, మోటారు ఎంచుకునే ముందు ఆ పట్టీ పక్కన ఎన్ని గంటలు నిలబడి చూశావని మాత్రం అడిగారు. ఒక పూట కూడా నిలబడలేదు. పాత మోటారు పేరుపలక చూసి లెక్క కట్టేశాను.

అప్పట్నుంచి నా పద్ధతి మారింది. ఎవరు మోటారు కావాలన్నా ముందు మోటారు గురించి మాట్లాడను. అది తిప్పాల్సిన యంత్రం గురించి అడుగుతాను. వేగంతోపాటు బలం కూడా మారే పనా, అన్ని వేగాల్లోనూ ఒకే బలం కావాలా? ఫ్యాను, సెంట్రిఫ్యూగల్ పంపు మొదటి రకం. వేగాన్ని 80 శాతానికి తగ్గిస్తే తీసుకునే పవరు దాదాపు సగానికి పడిపోతుంది. వాల్వు మూసి నీళ్లు తగ్గించే చోట డ్రైవు పెడితే దాని ఖర్చు కరెంటు బిల్లులోనే తిరిగి వస్తుంది. కన్వేయరు, క్యారియర్, ఎక్స్‌ట్రూడర్ రెండో రకం. వీటికి తక్కువ వేగంలో ఎంతసేపు నడుస్తాయన్నదే అసలు ప్రశ్న. విడి బ్లోయరో, పెద్ద సైజు మోటారో అక్కడ తేలుతుంది.

వేగం ఎప్పటికీ మార్చనక్కర్లేదంటే డ్రైవు అమ్మను, స్టార్టర్ చాలంటాను. ఆ స్టార్టర్‌లోనూ ఎంపిక ఉంది. స్టార్ డెల్టా పెడితే బయలుదేరేటప్పటి బలం మూడోవంతుకి పడిపోతుంది. ఖాళీగా మొదలయ్యే యంత్రానికి అది బాగుంటుంది, నిండు బరువుతో ఆగిన కన్వేయరును అది కదిలించలేదు. సిమెంటు ఫ్యాక్టరీల్లో బాల్ మిల్లు లాంటి మొండి బరువులకు స్లిప్‌రింగు మోటారును రెసిస్టెన్సుతో మెల్లగా ఎత్తుకోవడం పాత పద్ధతే, ఇప్పటికీ మంచి పద్ధతి. క్రేనుకి ఇంకో ప్రశ్న ఉంది. దింపేటప్పుడు బరువే మోటారును తిప్పుతుంది, ఆ శక్తి ఎటు పోవాలి? గనుల వైండర్లకు, రోలింగు మిల్లులకు చాలాకాలం వార్డ్ లియోనార్డ్ పద్ధతి వాడారు. అందులో ఒక డీసీ మోటారు కోసం ప్రత్యేకంగా ఒక జనరేటరునే తిప్పుతారు. ఇంత చేసేది వేగం చేతిలో ఉండటం కోసమే. ఇక దుమ్ము, తేమ, వేడి, మండే వాయువులు ఉన్నాయా అన్నది ఆఖర్న అడిగినా, మొదట్లోనే రాసిపెట్టుకోవాల్సిన సంగతి.

టెస్లా మోటారు గెలిచింది కూడా తనకు తగిన పని దొరికిన చోటే. 1891లో జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనకు 175 కిలోమీటర్ల దూరంలోని లాఫెన్ నుంచి త్రీఫేజు కరెంటు తెచ్చారు. దాంతో నడిచిన 100 హెచ్.పి. మోటారు ఒక కృత్రిమ జలపాతానికి నీళ్లు ఎత్తిపోసింది. ఆ మోటారు రూపకర్త దొలివో దొబ్రొవోల్‌స్కీ. మన బావుల మీద ఉన్న మోటారుకి మూడు ఫేజులు, లోపల పంజరంలాంటి రోటరు ఆయన ఇచ్చినవే. ఒకే వేగంలో గంటల తరబడి నీళ్లు తోడటం ఆ మోటారు పుట్టిందే అందుకన్నంత సులువైన పని. 1896 నవంబరులో నయాగరా జలపాతం కరెంటు బఫెలో నగరానికి చేరింది. అక్కడి జనరేటర్ల వెనక ఉన్నదీ టెస్లా పేటెంట్లే. అయితే ఆ కరెంటుతో నడిచిన బఫెలో ట్రాములకు దాన్ని కన్వర్టర్లలో డీసీగా మార్చే ఇవ్వాల్సి వచ్చింది.

టెస్లా అప్పటికే మోటార్లు వదిలి వైర్‌లెస్ వైపు వెళ్లిపోయాడు. 1895 మార్చిలో ఆయన ల్యాబొరేటరీ మొత్తం కాలిపోయింది. 1897లో మోటారు పేటెంట్లకు ఆయనకు 2,16,000 డాలర్లు ఒకే మొత్తంగా ముట్టాయి. ఆ తర్వాత తయారైన మోటార్లకు రాయల్టీ లేదు. లాంగ్ ఐలాండ్‌లో 1901లో మొదలుపెట్టిన పెద్ద టవరు డబ్బు చాలక సగంలో ఆగింది. 1917లో అమెరికన్ ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంఘం ఆయనకు ఎడిసన్ పేరిట ఉన్న పతకమే ఇచ్చింది. 1943 జనవరి 7న న్యూయార్క్‌లో ఒక హోటల్ గదిలో, 86 ఏళ్ల వయసులో, ఒంటరిగా చనిపోయాడు. 1960లో అయస్కాంత అభివాహ సాంద్రతను కొలిచే ప్రమాణానికి ఆయన పేరు పెట్టారు. మన ప్లస్‌టూ పిల్లలు లెక్కల్లో రాసే టెస్లా అదే.

పిట్స్‌బర్గ్‌లో లోపించింది మోటారు కాదు, దాని సైకిళ్లను కోరినట్టు మార్చే సాధనం. అది సెమీకండక్టర్ల కాలం వరకు ఫ్యాక్టరీకి అందుబాటులోకి రాలేదు. మన రైల్వేలోనూ దశాబ్దాల పాటు ఎలక్ట్రిక్ ఇంజన్లు పట్టాల పైని ఏసీ కరెంటును డీసీగా మార్చుకుని డీసీ మోటార్లతోనే బండి లాగాయి. 1990లలో త్రీఫేజు ఇంజన్లు వచ్చాక, బండిని లాగేది బ్రష్షులు లేని ఆ ఇండక్షన్ మోటారే అయింది. పిట్స్‌బర్గ్ ట్రాము చేయలేని పనిని వందేళ్ల తర్వాత మన ఎక్స్‌ప్రెస్ బండి చేస్తోంది. జూబిలీకి రైల్లో వచ్చినవాళ్లు చాలామంది ఆ మోటారు మీదే వచ్చి ఉంటారు.

మాస్టారు ఇప్పుడు లేరు. ఈ మధ్య బడికి వెళ్లినప్పుడు ల్యాబులో ఆ డీసీ మోటారు నమూనా ఇంకా ఉందని చూశాను. దాని పక్కన పెట్టమని, కాలిపోయిన ఒక 5 హెచ్.పి. మోటారును నిలువునా కోయించి, లోపలి తీగచుట్టలు, రోటరు కనపడేలా రంగులు వేయించి హెడ్మాస్టారు గారికి అప్పగించాను. రెండిటినీ చూసిన పిల్లల్లో ఎవరైనా లేచి బ్రష్షులు ఏవని అడిగితే, టీచర్లు దయచేసి వాళ్లను ఒక శనివారం వైండింగు షాపుకి తీసుకెళ్లండి. ఆ షాపు అక్కడే ఉంది. ఇప్పుడు షాపాయన కొడుకు నడుపుతున్నాడు.